బండ మీద కార్పెట్టు

ఇంకో గంట చాలు, ఒక్క గంట, నాకూ సూర్యుడికీ మధ్య ఎవరూ అడ్డం రాకుండా ఉంటే చాలు అనుకుంటూ గుట్ట కింద మా ఇంటి వెనక బండ మీద కూర్చున్నాను. కూర్చున్నాను అనడమే గాని అది కూర్చోవడం కాదు, ఏప్రిల్ ఎండకు బండ పెనంలా కాలుతోంది, గోనెసంచి నాలుగు మడతలు వేసి దాని మీద ఒకసారి ఇటు ఒకసారి అటు జరుగుతూ, కొంగు నెత్తిన వేసుకుని, ఎదురుగా పరిచిన కార్పెట్టుకు కాపలా కాస్తున్నాను. కార్పెట్టు మాది కాదు, మాకెక్కడిది కార్పెట్టు, మా ఇంట్లో ఉన్నది రెండు చాపలు. ఇది డాక్టర్ లిదియమ్మ ఫియెట్ కారులో కాళ్ల కింద పరిచేది, బూడిద రంగుది, ఉన్ని గొర్రె వీపులా ఒత్తుగా ఉంటుంది. పక్కన నాలుగు రబ్బరు మ్యాట్లు కూడా ఉన్నాయి, వాటి గురించి నాకు ఫికరు లేదు, నిన్న రెండు చెంబుల నీళ్లు పోస్తే నిన్ననే శుభ్రమయ్యాయి, రబ్బరుకు ఏదీ పట్టదు, మందలిస్తే దులుపుకుని పోయే మనిషి లాంటిది. కార్పెట్టు అట్లా కాదు. పడ్డదాన్నల్లా లోపలికి పీల్చుకుని దాచుకుంటుంది. పొద్దున ఏడింటికి దీని మీద చేటంత పసుపు మరక ఉంది, ఇప్పుడు పదకొండు, ఇప్పుడది నా అరచెయ్యంత, అరచెయ్యి మీద ఇంకో రెండు వేళ్లంత. చెయ్యి ఆనించి కొలుచుకున్నాను.

కార్లు కడిగే మా షెడ్డు కింద మా ఆయన కాశీరాం కారు లోపలి రేకును గుడ్డతో తుడుస్తున్నాడు, తుడిచిందే తుడుస్తున్నాడు, నావైపు చూడడు. చూస్తే మరక ఎంత ఉందో తెలిసిపోతుందని భయం. గోడ మీద వాళ్ల చిన్నమ్మ కొడుకు హన్మయ్య తోలుసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు, పన్నెండున్నర బస్సుకు బొంబాయి పోతాడు, ఏజెంటు దగ్గరికి. ఆ సంచిలో ఊరి చుట్టుపక్కల మగవాళ్ల పాస్‌పోర్టులు ఉన్నాయి, మా ఆయనది ఒక్కటి ఇంకా చేరలేదు, అది నా నడుము దగ్గర చీర మడతలో దోపుకుని ఉంది, చెమటకు తడిసి పొట్టకు అంటుకుంటోంది. మరక పోతే ఆయన ఇక్కడే ఉంటాడు. పోకపోతే ఆ పుస్తకం హన్మయ్య సంచిలోకి పోతుంది, దాని వెనకే ఆయనా పోతాడు, ఈసారి దుబాయ్ అంట, మళ్లీ ఏడేండ్లో పదేండ్లో ఎవరికి తెలుసు. ఈ పందెం నేను పెట్టింది కాదు. నిన్న పొద్దుగూకే వేళ ఆయనే పెట్టాడు, పీట మీద కూర్చుని, అన్నం ముట్టకుండా.

నిన్న డాక్టరమ్మ కారు తెచ్చినప్పుడు నేను ఇంట్లో లేను, ఎర్రన్న సావుకారి అడ్తి దుకాణంలో పసుపు కొమ్ములు ఏరుతున్నాను. నందిపేట రైతు ఒకాయన తన బిడ్డకు కాన్పు సుఖంగా చేసిందని సంతోషంతో ఇంట్లో దంచిన పసుపు మూట తెచ్చి ఆమె కారులో పెట్టాడట. దారిలో మందుల పెట్టె దాని మీద పడింది, మూట పగిలింది, పైన మంచినీళ్ల క్యాను ఒలికింది, ఇక చెప్పేదేముంది, ముద్ద ముద్ద. ఆమెకు ఇవాళ ఒంటిగంటకు నిజామాబాద్ పోవాలి, కంటి ఆపరేషన్ అయిన తండ్రిని దవాఖాన నుంచి డిచ్‌పల్లి ఇంటికి చేర్చాలి, కుట్లు ఇంకా పచ్చిగా ఉన్న కన్ను, కారులో పసుపు దుమ్ము రేగకూడదు. అందుకని తాళంచెవి మా ఆయన చేతిలో పెట్టి నడిచి వెళ్లిపోయింది. ఆ తాళంచెవి పట్టుకున్నప్పుడు ఆయన మొహం ఎట్లా వెలిగిందో నేను చూడలేదు గాని నాకు తెలుసు. షెడ్డు వేసి నాలుగు నెలలు. బోర్డు మీద 'కార్లు లోపల, బయట కడుగబడును' అని రాయించాం. బయట కడిగించుకునేవాళ్లు వచ్చారు, ట్రాక్టర్లు వచ్చాయి, లారీలు వచ్చాయి, ఒకాయన బర్రెను కూడా తోలుకొచ్చాడు, లోపల కడగమని మాత్రం ఒక్కరు రాలేదు. కారు లోపల ఎవడు చూస్తడు కాశీరాం, అని ఎర్రన్న సావుకారి బోర్డు చదివి పెద్దగా నవ్వి పోయాడు. ఆ నవ్వు విని కూడా 'లోపల' అనే మాట చెరపలేదు మా ఆయన, ఆయన కువైట్‌లో నేర్చిన పనంతా ఆ ఒక్క మాటలో ఉంది మరి.

నేర్చిన పని నేర్చినట్టే చేశాడు పాపం. కార్పెట్టు ఊడదీశాడు, కర్రతో దులిపాడు, బ్రష్షు పెట్టాడు, బకెట్లో సబ్బు పొడి నురగలు నురగలుగా కలిపి మరక మీద పోశాడు. మరక ఎర్రగా అయింది. ఇంకా సబ్బు పోశాడు, ఇంకా ఎర్రగా అయింది. నేను ఇంటికొచ్చేసరికి షెడ్డు ముందు పదిమంది మూగి ఉన్నారు, కార్పెట్టు మీద మేకను కోసినట్టు చిక్కటి ఎరుపు, ఆయన చేతులు మోచేతుల దాకా ఎరుపు, "డాక్టరమ్మ కారుల గీ నెత్తురేందన్నా, ఏం జేసినవ్?" అని హన్మయ్య అడుగుతున్నాడు. నేను జనాన్ని తోసుకుని పోయి ఒక్కటే అడిగాను. "పసుపుకు సబ్బు వెట్టినవా?" ఆయన తల ఊపాడు. నాకు నవ్వొచ్చింది, ఎంత ఆపుకున్నా ఆగలేదు, పసుపు కళ్లాల్లో పుట్టి పసుపు కళ్లాల్లో పాకినవాడు, ముప్పై ఎనిమిదేండ్లవాడు, పసుపుకు సబ్బు పెట్టడమేమిటి! ఆయన కువైట్ నుంచి తిరిగొచ్చిన నాడు ఇదే వాకిట్లో నేనే పళ్లెంలో పసుపూ సున్నమూ కలిపి, ఎర్రనీళ్లు చేసి, దిష్టి తీసి పారబోశాను, ఆయన కళ్ల ముందే పచ్చనిది ఎర్రగా అయింది, సబ్బులోనైనా సోడాలోనైనా అదే సున్నం గుణం గదా. జనం కూడా నాతోపాటు నవ్వారు. అప్పుడు ఆయన మొహం చూశాను. నవ్వు ఆపేశాను.

"నేను అన్నీ మర్శిపోయిన నీలా," అన్నాడు, అన్నం చల్లారిపోతుంటే. నా పేరు నీలవ్వ, ఆయన ఒక్కడే నీలా అంటాడు, అదీ మనసు బాగున్నప్పుడూ మరీ బాగా లేనప్పుడూ. "ఆడ నేర్సిన పని ఈడ నడ్వది. ఈడి పని నాకు యాదికి లేదు. నేను దేనికీ అక్కెరకు రాను. రేపు డాక్టరమ్మ వచ్చేలోపట గా మరక పోతే ఉంట. పోకపోతె పాస్‌పోర్టు హన్మయ్యకిచ్చి పోత." నాకు ఒళ్లు మండింది. కార్పెట్టు మీద మరకకూ మనిషి బతుక్కూ ముడిపెడతారా ఎవరైనా? కానీ ఆయన కళ్లు చూస్తే అది బెదిరింపు కాదు, నిజంగానే తనను తాను పనికిరానివాడి లెక్కలో వేసుకున్నాడు. "పాస్‌పోర్టు నాకియ్యి, నా దగ్గర ఉంటది," అన్నాను. "మరక నేను పోగొడ్త. తిను ముందుగాల." ధైర్యంగానే అన్నాను. నిజానికి చీర మీద మరక పోగొట్టాను గాని ఇంత మందం గుడ్డ మీద ఎన్నడూ పోగొట్టలేదు.

తెల్లవారుతూనే చింతపండు పిసికి పులుసు చేసి ఎర్రమరక మీద పోశాను, చూస్తుండగానే ఎరుపు విరిగి మళ్లీ పసుపయింది, ఆయన పిల్లవాడిలా వంగి చూశాడు. నాలుగుసార్లు మంచినీళ్లతో కడిగాం, పిండాం, ఇద్దరం చెరో కొస పట్టుకుని మోసుకొచ్చి బండ మీద పరిచాం, మొహం సూర్యుడికి పెట్టి. ఇది నా తెలివి కాదు, మా అత్త రత్నవ్వ తెలివి. నేను కాపురానికొచ్చిన ఏడు, పసుపు ఉడకబెట్టే రోజులు, పొయ్యి దగ్గర నా పెండ్లి చీర మీద పచ్చటి నీళ్లు చిందితే నేనూ ఇదే పిచ్చిపని చేశాను, సబ్బు పెట్టాను, ఎర్రగా అయితే బావి గట్టు మీద కూర్చుని ఏడ్చాను. అత్త వచ్చి, తిట్టలేదు, తిట్టే మనిషే గాని ఆ రోజు తిట్టలేదు, చీర నా చేతిలోంచి తీసుకుని, "సబ్బు ముట్టకు బిడ్డా, ముందుగాల ఎండల ఆరెయ్, మరక మొఖం సూర్యునికి వెట్టి ఆరెయ్, ఆరినకొద్ది నీళ్లు చిలకరియ్యి," అంది. సాయంత్రానికి మరక ఏ మూల ఉండిందో నేను వెతుక్కోవలసి వచ్చింది. కొమ్ము గట్టిది, ఎన్నాళ్లు ఎండబెట్టినా లోపలి రంగు దాచుకుంటుంది, అదే దంచి పొడి చేశామా, ఎండ కన్ను పడితే చాలు వెలిసిపోతుంది. అందుకే ఎర్రన్న సావుకారి పసుపు పొడి బస్తాలు చీకటి గదిలో పెట్టి, కిటికీకి గోనెపట్టా కొట్టించి, తలుపు ఓరగా కనిపిస్తే కేకలేస్తాడు. ఆయనకు ఎండ దొంగ. నాకు ఇవాళ అదే దేవుడు.

అరచెయ్యి మీద ఇంకో వేలు. తగ్గింది. నీళ్లు చిలకరించాను, చుయ్యిమని ఆవిరి లేచింది, బండ కింద నుంచి కాలుస్తోంది, సూర్యుడు పైనుంచి, మధ్యలో డాక్టరమ్మ కార్పెట్టూ నేనూ. ఎనిమిదేండ్ల కింద మా పాపను కన్నప్పుడు ఇదే డాక్టరమ్మ చేతి కింద ఇట్లాగే చెమటలో తడిసి పడి ఉన్నాను, ఆయన కువైట్‌లో ఉన్నాడు, నాకు మూడో నెల ఉన్నప్పుడే పోయాడు, నొప్పులకు ఆయన పేరు పెట్టి తిట్టాను, ఎంత తిట్టానంటే డాక్టరమ్మ నవ్వి "ఇంకా తిట్టు నీలవ్వా, మంచిగా తిట్టు, బిడ్డ తొందరగా వస్తది" అంది. బిడ్డ వచ్చింది. మూడేండ్ల తర్వాత ఒక్కసారి సెలవులో వచ్చి చూసి పోయాడు, అప్పుడు పాప ఆయన్ను 'ఎవరమ్మా గీ మామ' అంది. ఆ మాటకు ఆయన బయటికి పోయి ఒంటరిగా చాలాసేపు ఈ బండ మీదే కూర్చున్నాడు. ఆ మాట మళ్లీ వినే రాత నాకొద్దు, ఆయనకొద్దు.

"వదినా, గింత ఎండల కూసుంటే నువ్వు మాడుతవ్ గని మరక పోదు," హన్మయ్య గోడ దిగి వచ్చాడు, గడియారం చూసుకుంటూ. చెడ్డవాడు కాదు, వాడి పని వాడిది, వాడి లెక్కన మా ఆయనకు మేలే చేస్తున్నాడు. "బావిల ఏసే బ్లీచింగ్ పౌడర్ ఉండె గదా, జరంత చల్లు, చిటికెల తెల్లగైతది."

"తెల్లగ ఎందుకయ్యా, డాక్టరమ్మది బూడిద రంగు కార్పెట్టు. మరకనే పోవాలె, రంగు ఉండాలె. పసుపు మచ్చ తీసి బొల్లి మచ్చ వెట్టియ్యాల్నా?"

"అన్నా, జర నువ్వన్న చెప్పు వదినకు, టైమైతుంది."

అప్పుడు చూశాను, మా ఆయన లేచాడు, బావి దగ్గర అరుగు మీది బ్లీచింగ్ డబ్బా చేతిలోకి తీసుకున్నాడు, మూత మీద బొటనవేలు పెట్టాడు. నిన్న సబ్బు పెట్టినప్పుడు కూడా ఇట్లాగే ఎవరినీ అడగకుండా తీసి ఉంటాడు. "గా డబ్బా మూత తీసినవనుకో," అన్నాను, గొంతు పెద్దది చేయకుండానే, "పాస్‌పోర్టు నేనే ఇస్త హన్మయ్యకు. బట్టలు గూడ నేనే సర్దిస్త. నడువు." ఆయన నన్ను చూశాడు. పొద్దుటి నుంచి మొదటిసారి చూశాడు. డబ్బా కింద పెట్టాడు. హన్మయ్య మూతి ముడుచుకుని మళ్లీ గోడెక్కాడు.

మాట గట్టిగానే అన్నాను, అని ఇటు తిరిగి కార్పెట్టు చూస్తే పైన మరక దాదాపు లేదు, సంతోషం పట్టలేక గోటితో ఉన్నిని విడదీసి చూశాను. పైన బూడిద రంగు, అడుగున, ఉన్ని మొదట్లో, పచ్చగా పసుపు. ఎండ పైపైనే తిన్నది. చీరయితే పలచన, ఇటు పడ్డ ఎండ అటు పోతుంది, ఇది ఒత్తు, వేళ్ల దాకా ఎండ దిగలేదు. డాక్టరమ్మ కాలు పెట్టి అదిమితే చాలు, కింది పసుపు పైకొస్తుంది, దుమ్మయి లేస్తుంది, ఆ ముసలాయన పచ్చి కంట్లో పడుతుంది. అత్తా, ఇది నువ్వు చెప్పలేదు. నీ కాలంలో కార్పెట్లు లేవు. గోళ్లతో పాయలు పాయలుగా విడదీయడం మొదలుపెట్టాను, ఒక పాయ విడదీసేలోపల ముందుది మూసుకుంటోంది, వేళ్లు కాలుతున్నాయి, ఎంత గట్టిదాన్నయినా ఏడుపొచ్చేలా ఉంది, ఏడవను, హన్మయ్య చూస్తున్నాడు.

నా మీద నీడ పడింది. నీడ పడొద్దు, తప్పుకో అనబోయి తలెత్తితే ఆయన, చేతిలో బ్రష్షు. నన్ను పక్కకు జరగమని కూడా అనలేదు, అవతలి వైపు కూర్చున్నాడు, ఎండకు అడ్డం కాకుండా, ఉన్ని మొదట్లో బ్రష్షు దించి ఒక్క లాగు లాగాడు. తల దువ్వి పాపిట తీసినట్టు ఉన్ని రెండుగా విడిపోయింది, విడిపోయినచోట విడిపోయినట్టే నిలబడింది, లోపలి పసుపు సూర్యుడి ముందు బయటపడింది. పక్కన ఇంకో పాపిట. ఇంకోటి. "ఆడ ఇసుక తీసేటందుకు గిట్లనే జేస్తుంటిమి," అన్నాడు, నాతో కాదు, కార్పెట్టుతో. "ఇసుక అడుగుకు పోయి కూసుంటది. ఉన్ని ఇప్పకుంటె ఎల్లది." సర్ర్, సర్ర్. నేను వెనకనుంచి నీళ్లు చిలకరిస్తూ పోయాను, ఆయన పాపిటలు తీస్తూ పోయాడు.

సర్ర్ సర్ర్. ఈ చప్పుడు నేను ఆయన ఇల్లు చేరకముందే ఎరుగుదును. ఎనభై అయిదులో కువైట్ నుంచి ఆయన క్యాసెట్టు పంపాడు, మాట్లాడి నింపిన క్యాసెట్టు, మా ఇంట్లో టేప్‌రికార్డర్ లేదు, హన్మయ్య వాళ్లింట్లో పెట్టి వినాలి, ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుంటే ఆయన నాతో ఏం మాట్లాడతాడో అని నాకు సిగ్గు. ఆయన మాట్లాడింది తక్కువ. మంచిగున్న, మీరు మంచిగున్నరా, పాపకు అన్నం పెడుతున్నవా, అని ఆగిపోయేవాడు, మాటలు దొరక్క. పని చేస్తూ చేస్తూ మాట్లాడినట్టున్నాడు, ఆ ఆగిన చోటల్లా వెనక సర్ర్ సర్ర్ అని వినబడేది. తర్వాత కూడా క్యాసెట్లు వచ్చాయి. పాప కొంచెం పెద్దదయ్యాక పెట్టెకు చెవి ఆనించి, నాయిన ఏం గీకుతుండమ్మా, అని అడిగేది. కార్లు లోపల గీకుతుండు బిడ్డా, అనేదాన్ని. తొంభైలో యుద్ధం వచ్చి, ఎడారి దాటి ఎక్కడెక్కడో తిరిగి, బొంబాయి మీదుగా ఇల్లు చేరాడు. వేరేవాళ్లు ముందే పంపుకున్న టీవీలూ బంగారమూ ఇండ్లలో మెరుస్తుంటే, మా ఆయన సంచిలో ఉన్నది రెండు జతల బట్టలూ, ఈ బ్రష్షూ. గుర్రం వెంట్రుకల బ్రష్షు. ఊరంతా నవ్వింది, కువైట్ పోయి బ్రష్షు తెచ్చిండని. పాప ఆయన్ను చూసి తలుపు వెనక దాక్కుంది, రెండు రోజులు దగ్గరికి రాలేదు. మూడోనాడు ఆయన ఊరికే కూర్చోలేక వాకిట్లో నులక మంచానికి పట్టిన మట్టి బ్రష్షుతో దులుపుతున్నాడు, సర్ర్ సర్ర్ మని, పాప తలుపు వెనక నుంచి ఒక్కో అడుగే వచ్చి ఆయన ముందు నిలబడింది. "గిది నాయిన చప్పుడు," అంది. అప్పుడు దగ్గరికి పోయింది. ఆ బ్రష్షును ఊరు ఏమన్నా అననీ, మా ఇంటికి అంతకంటే విలువైన వస్తువు రాలేదు.

మబ్బు. ఎక్కడి నుంచి వచ్చిందో, నిన్నా మొన్నా లేదు, గుట్ట అవతల నుంచి ఉతికిన దుప్పటంత ఒకటి జరిగి జరిగి వచ్చి సూర్యుడి మీద పడింది. బండ మీద వెలుగు ఆరిపోయింది. పాపిటల్లో పసుపు ఇంకా ఉంది, లేతగా, కానీ ఉంది. ఆయన బ్రష్షు ఆపాడు. "పన్నెండుకు పది నిమిషాలు," అన్నాడు హన్మయ్య గోడ మీద నుంచి, ఎవరడిగారు వీణ్ని? ఆయన వైపు చూడాలంటే భయమేసింది, చూశాను, ఆయన మొహంలో నిన్నటి చీకటి లేదు. ఓడిపోయినవాడి మొహం కాదు అది, పని మధ్యలో కరెంటు పోయినవాడి మొహం, ఎప్పుడొస్తుందా అని విసుగు పడుతున్న మొహం. నాకు అప్పుడే తెలిసింది. మరక ఉన్నా పోయినా ఈ మనిషి ఇక పోడు. ఆయనకు ఇంకా తెలియదు, నాకు తెలిసింది. అయినా పందెం పందెమే, నేను ఓడిపోను. మబ్బును తిట్టాను, నొప్పులప్పుడు ఆయన్ను తిట్టిన తిట్లన్నీ యాదికి తెచ్చుకుని ఒక్కటి వదలకుండా తిట్టాను, పైకే తిట్టాను. ఆయన నోరు తెరిచి చూసి, "గివన్ని ఏడ నేర్సినవే," అని నవ్వాడు. మబ్బు జరిగింది. తిట్లకే జరిగిందని నేననను, కానీ జరిగింది.

మళ్లీ కుమ్మరించింది ఎండ. ఆయన బ్రష్షు తిప్పి పట్టి అడ్డంగా పాపిటలు తీశాడు, నేను ఆఖరిసారి నీళ్లు చల్లాను, ఒకపక్క ఆవిరి లేస్తుంటే మరోపక్క ఆరిపోతోంది. రోడ్డు మీద ఎర్రన్న సావుకారి అంబాసిడర్ ఆగింది, ఇవాళ పనికి ఎందుకు రాలేదని అడగడానికి వచ్చినట్టున్నాడు, దిగి బండ దాకా వచ్చాడు. నిన్న సాయంత్రం మూగినవాళ్లలో ఆయన కూడా ఉన్నాడు, ఆ ఎరుపు చూశాడు. ఇప్పుడు కార్పెట్టును చూస్తూ అటు తిరిగాడు, ఇటు తిరిగాడు, వంగాడు. ఆర్మూరు సావుకార్ల కార్లన్నీ నాకు తెలుసు, శాంపిల్ సంచులు మోసి మోసి లోపలంతా పచ్చగా ఉంటాయి, సిగ్గుపడి పైన గోనెపట్టాలు పరుచుకుని తిరుగుతారు, ఎన్నిసార్లు సబ్బు పెట్టి ఎన్నిసార్లు ఎర్రగా చేసుకున్నారో. కారు లోపల ఎవడు చూస్తడు అని నవ్వింది అందుకే కామోసు.

డాక్టర్ లిదియమ్మ గొడుగేసుకుని వచ్చేసరికి కార్పెట్టు కారులో ఉంది, మేమిద్దరం మోసుకుపోయి పరిచాం, మ్యాట్లు దాని మీద పెట్టలేదు, పెట్టొద్దన్నాను, చూడనీ. ఆమె తలుపు తెరిచింది. చెప్పులు విడిచింది. వట్టి పాదం లోపల పెట్టి గట్టిగా అదిమింది, తీసి అరికాలు చూసుకుంది. రుమాలు తీసి ఉన్నిలోకి వేళ్లు దించి రుద్దింది, రుమాలు చూసింది, ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆ మనిషి పేషెంటును చూసినా అంతే, తొందరపడదు. మా ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు, బ్రష్షు చంకలో ఉంది. ఆమె అటువైపు తలుపు కూడా తెరిచి చూసి, వెనక్కి వచ్చి, నన్నే అడిగింది.

"నీలవ్వా, పసుపు ఏ పక్కన పడ్డది?"

నేను చూపిద్దామని వంగాను. డ్రైవర్ సీటు వెనక, కాదు, ఇటువైపు, కాదు. నిన్నటి నుంచి ఆ మరకతోనే బతికినదాన్ని, అంగుళం అంగుళం కొలిచినదాన్ని, వెతికాను, నాకు దొరకలేదు. మా ఆయన కూడా వంగాడు, ఆయనకూ దొరకలేదు. ఇద్దరం తల లోపల పెట్టి, ఒకరి నెత్తి ఒకరికి తగిలి, ఆ ఇరుకులో, ఆ ఎండ వాసనలో నవ్వడం మొదలుపెట్టాం. ఎంతసేపు నవ్వామో తెలియదు. "యాడికి పోయింది నీలా?" అంటాడు. "నన్నడుగుతవేంది, బ్రష్షు నీది," అంటాను. "ఎండ నీది," అంటాడు. డాక్టరమ్మ "మా నాయన ఎదురుచూస్తుంటడు, జరుగుండ్రి," అని వీపు మీద కొడితే బయటికొచ్చాం, ఆమె కారు తోలుకుని పోయింది, ఆ ఖాళీ అయిన షెడ్డులోకి ఎర్రన్న సావుకారి తన అంబాసిడర్ తెచ్చి పెట్టి, నాలుగు తలుపులూ తెరిచి, లోపలి గోనెపట్టాలు తీసి అవతల పారేశాడు. లోపల పచ్చగా ఉంది. "సబ్బు వెట్టకుండ్రి," అన్నాడు, అంతే.

"పాస్‌పోర్టు, వదినా," అన్నాడు హన్మయ్య, సంచి తెరిచి పట్టుకుని, అలవాటుగా, అడిగి తానే నాలుక కరుచుకున్నాడు. నడుము నుంచి తీశాను. చెమటకూ నా చేతులకూ నీలిరంగు అట్ట మీద పసుపు వేళ్లు పడ్డాయి, అయిదు వేళ్లు, తెరిస్తే ఆయన ఫోటో పక్కన ఒక బొటనవేలు. మా ఆయన చూశాడు. "ఎండల వెడ్దామా?" అన్నాడు, నవ్వు దాచుకుంటూ. పెట్టను అన్నాను. హన్మయ్యను మజ్జిగ తాగి పొమ్మన్నాను, బస్సు దొరుకుతుందిలే, ఇంట్లోకి పోయి పసుపు డబ్బా మూత తీసి ఆ పుస్తకాన్ని అడుగుదాకా దింపి, పైన పసుపు కప్పి, ఎండ తగలని మూలకు జరిపి పెట్టాను. బయట సర్ర్ సర్ర్ మని మొదలైంది. పాప ఒంటిపూట బడి నుంచి వచ్చే వేళయింది.